రెండో పేరు

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళే ముందు ఎండాకాలమంతా మా ఇంట్లో ఒక కొత్త భాష నేర్చుకున్నాం. ఫ్రెంచో స్పానిషో అయినా బాగుండేది. ఇది ఇంగ్లీషే. ఈ దేశానికొచ్చి ఇంగ్లీషులోనే ఉద్యోగం చేసి, ఇంగ్లీషులోనే పురుడు పోసుకున్న దాన్ని, నాకు అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

పాఠం చెప్పింది ఎదురింటి పిల్ల. అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊళ్ళో మా డ్రైవ్‌వేకి సరిగ్గా ఎదురుగా వాళ్ళ డ్రైవ్‌వే. వాళ్ళమ్మని నేను వదినా అంటాను, ఆవిడా నన్ను అలాగే పిలుస్తుంది. చుట్టరికం ఏమీ లేదు. ఒకే బిల్డర్ దగ్గర ఇళ్ళు కొనుక్కున్నాం, చలికాలం వస్తే కరివేపాకు కుండీలు ఎవరింట్లో ఎండ తగులుతుందో చూసి అక్కడ పెట్టుకునేవాళ్ళం, అంతే. పిల్లలిద్దరూ ఒకే బస్‌స్టాప్‌లో నిలబడ్డారు, ఒకే టీచరుగారి గరాజ్‌లో కూచిపూడి అడుగులు వేశారు. ఎదురింటి పిల్ల మా అమ్మాయి కంటే ఏడాది పెద్ద. మా అమ్మాయి చేరబోయే యూనివర్సిటీలోనే ఫస్ట్ ఇయర్ పూర్తి చేసుకుని సెలవలకి ఇంటికొచ్చింది.

అక్కడ ఆడపిల్లల సంఘాలుంటాయి, సొరోరిటీలంటారు. గ్రీకు అక్షరాలు పేర్లుగా పెట్టుకుని, పెద్ద పెద్ద ఇళ్ళలో కలిసి ఉంటారు, కలిసి తింటారు, కలిసి ఫొటోలు దిగుతారు. ఊళ్ళో అన్నిటికన్నా గొప్పదని పేరున్నది తెల్ల స్తంభాల ఇల్లు. ఎదురింటి పిల్ల ఆ ఇంటి మెంబరు. మా అమ్మాయికి ఆ ఇంట్లోకే వెళ్ళాలని ప్రాణం.

నేను మొదట ఒప్పుకోలేదు. "చదువుకోమని పంపిస్తుంటే మళ్ళీ ఈ సంఘాలేంటే, నెత్తిన పెట్టుకోడానికి?" అని కేకలేశాను. అది ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. హైస్కూల్ ఫొటోలు. ప్రతి ఫొటోలోనూ ఇది చివర్న ఉంది. కొన్నిట్లో సగం భుజం కోసేసి ఉంది. స్కూల్లో దాన్ని ఎవరూ ఏడిపించలేదు, తిట్టలేదు. అసలు ఎవరూ ఏమీ అనకపోవడమే దాని గొడవ. లంచ్ టైములో క్లారినెట్ తుడుచుకుంటూ బ్యాండ్ రూములో ఒక్కతే తినేదట, నాకెప్పుడూ చెప్పలేదు. "అమ్మా, ఒక్కసారి మధ్యలో ఉండాలని ఉంది," అంది. సరే, వెళ్ళు తల్లీ, అన్నాను.

ఇంక చూడండి నా హడావుడి. నేనొక పని మొదలుపెడితే కోచింగ్ సెంటరు పెట్టినట్టే ఉంటుంది. ఎదురింటి పిల్లని వారానికి రెండు మూడుసార్లు పిలవడం, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం, వేడివేడిగా పెసరట్లు పోసి పెట్టడం. "ఆంటీ, యు ఆర్ ద బెస్ట్," అని అల్లప్పచ్చడి వేళ్ళతో నాకేది. నాకు ఇంకో కూతురున్నట్టే అనిపించేది. చెప్పుకుంటే సిగ్గుచేటు కానీ, నిజంగానే అనిపించింది.

"ఫస్ట్ వర్డ్ రష్, ఆంటీ," అంది మొదటిరోజు. క్లాసులు మొదలవకముందు ఒక వారంపాటు, చేరాలనుకునే పిల్లలందరూ ఇల్లిల్లూ తిరుగుతారట. ఆ ఇళ్ళలో ఉన్న అమ్మాయిలు వీళ్ళని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. నవ్వు చూస్తారు, నడక చూస్తారు, వేసుకున్న బట్టలు చూస్తారు, మీ నాన్నగారేం చేస్తుంటారని అడుగుతారు. సాయంత్రానికి ఎవరు మళ్ళీ రావచ్చో, ఎవరు అక్కర్లేదో తేలుస్తారు.

"పెళ్ళిచూపులు కదే!" అన్నాను.

"అంటే?"

"మీ అమ్మనడుగు. అక్కడ బజ్జీలు, కేసరి పెడతారు. మిగతాదంతా ఇదే."

నేను పెళ్ళిచూపుల్లో కూర్చున్న మనిషిని. పాట పాడమంటే పాడాను, నాలుగడుగులు వెయ్యమంటే వేశాను. నా కూతురు అమెరికాలో పుట్టింది, దానికి ఈ దరిద్రం ఉండదని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు చేజేతులా దానికి పౌడరు రాసి వందమంది అత్తగార్ల ముందుకి పంపిస్తున్నాను. ఆ మాట మా ఆయనతో అంటే, "నువ్వే కదా ఎగేసుకుంటూ పోతున్నావు," అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. యాక్టివ్ అంటే ఇప్పటికే లోపల ఉన్న పిల్ల. బిడ్ అంటే చివరిరోజు ఇచ్చే పిలుపు, మా ఇంట్లోకి రా అని. బిగ్ అంటే చేరాక అక్కలాగా కుదిర్చే సీనియరు. సైలెన్స్ అని ఇంకోటుంది. రష్ జరిగే వారమంతా యాక్టివ్‌లు కొత్త పిల్లలతో ఇంటి బయట మాట్లాడకూడదు, ఫోన్లో మెసేజ్ పెట్టకూడదు, రోడ్డు మీద ఎదురుపడినా పలకరించకూడదు. "వెరీ స్ట్రిక్ట్ ఆంటీ. నేను అస్సలు చూడనట్టు వెళ్ళిపోతా, డోంట్ ఫీల్ బ్యాడ్," అని మా అమ్మాయి బుగ్గ గిల్లింది.

రిలీజ్ అనే మాట దగ్గర మాత్రం నాకు ఒళ్ళు మండింది. వద్దనుకున్న పిల్లని రిజెక్ట్ చేశామని అనకూడదట. రిలీజ్ చేశామనాలట. "రిజెక్ట్ ఈజ్ సో మీన్, ఆంటీ." మా నాన్నగారికి వచ్చిన కబుర్లు గుర్తొచ్చాయి. పిల్ల నల్లగా ఉందని ఒక్కళ్ళు కూడా అనలేదు. జాతకాలు కుదరలేదండీ, అనేవాళ్ళు. జాతకం అడక్కుండానే కుదరలేదనేవాళ్ళు. అమెరికావాళ్ళు కూడా ఈ విద్యలో మనకేం తీసిపోలేదు.

అన్నిట్లోకీ నాకు నచ్చిన మాట బంప్. కొత్త పిల్లతో ఒక యాక్టివ్ కూర్చుని మాట్లాడుతూ ఉంటుంది. ఇంకో యాక్టివ్ వెనకనుంచి వచ్చి, ఆమె భుజం మీద రెండు వేళ్ళతో మెల్లగా తడుతుంది. తట్టగానే ఆమె లేవాలి. మాట మధ్యలో ఉన్నా సరే, ముఖాన నవ్వు చెదరకుండా లేచి, కుర్చీ ఇచ్చేసి పోవాలి. కొత్త పిల్లకి మనిషి మారినట్టే తెలియకూడదు. దీన్ని నెలల తరబడి ప్రాక్టీసు చేయిస్తారట. "నిద్రలో తట్టినా లేచిపోతాం, ఆంటీ," అంది. నాకు నమ్మకం కలగలేదు. అట్లు పోస్తున్నదాన్ని, అట్లకాడ పక్కన పెట్టి, అది ఏదో చెబుతుంటే వెనకనుంచి వెళ్ళి తట్టాను. చటుక్కున లేచి నిలబడింది, నవ్వుతో సహా. ముగ్గురం పడీపడీ నవ్వాం.

అలా జూలై అయిపోయింది. ఆఖరి పాఠం రోజు వదిన కూడా వచ్చింది. "మా పిల్ల లోపలుంది కదా వదినా, మీకేం భయం? మన పిల్ల కాదూ," అంది. మనవాళ్ళు ఒకళ్ళు లోపలుంటే చాలు మనకి. హాస్పిటల్లో అయినా, కాన్సులేట్‌లో అయినా మొదట వెతికేది వాళ్ళనే. నేనూ అదే చేశాను. వెళ్ళేటప్పుడు ఆ పిల్లకి జరీ అంచు లంగావోణీ పెట్టి, బొట్టు పెట్టి పంపించాను.

ఆగస్టులో రష్ మొదలైంది. యూనివర్సిటీ మాకు కారులో ఒక పూట ప్రయాణం. రోజూ సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసేది. గుమ్మం తలుపు తెరవగానే లోపల ఒకళ్ళమీద ఒకళ్ళు పేర్చినట్టు నిలబడి పిల్లలు చప్పట్లు కొడుతూ అరుపులట, పూనకం వచ్చినట్టు. దానికి చెవులు దిబ్బెళ్ళు పడ్డాయట. ఒక్కో రోజూ కొన్ని ఇళ్ళు వదిలేశాయి, అదే, రిలీజ్ చేశాయి. ఒక ఇంట్లో అమ్మాయి దీనితో మాట్లాడుతున్నంతసేపూ దీని తల మీంచి వెనకున్న పిల్లని చూసిందట. ఇంకో ఇంట్లో, "నువ్వు ఇండియన్ డ్యాన్స్ చేస్తావా? కొంచెం చేసి చూపించు," అన్నారట. చేసిందట. చప్పట్లు కొట్టి, మర్నాడు పిలవలేదు.

తెల్ల స్తంభాల ఇల్లు మాత్రం పిలుస్తూనే ఉంది. ఇటుకల ఇల్లు అని ఇంకోటి, చిన్నది, పెద్ద పేరేం లేదు, అదీ పిలుస్తోంది.

మూడోరోజో నాలుగోరోజో ఫోన్లో నవ్వుతూ ఒక సంగతి చెప్పింది. తెల్ల స్తంభాల ఇంట్లో అమ్మాయిలు ఎదురింటి పిల్లని చూపించి అడిగారట: "నువ్వు ఆమె ఎదురింట్లో ఉంటావా? వాళ్ళ తాతగారు మహారాజట కదా? ఏనుగులు ఉండేవట కదా?" ఇది తెల్లబోయి, "తాతయ్యా? కరెంటాఫీసులో చేసి రిటైర్ అయ్యారు. మాకు చెస్ నేర్పించారు. వెరీ స్వీట్," అందట. వాళ్ళంతా ముఖముఖాలు చూసుకుని నవ్వారట. గది అవతలనుంచి ఎదురింటి పిల్ల చూసిందట కానీ, ఇంటి లోపల సైలెన్స్ లేకపోయినా ఇటు రాలేదట. నేను కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను. కరెంటాఫీసు మహారాజు! ఫ్యూజు పోతే ఏనుగు మీద వచ్చేవాడు కాబోలు! నవ్వు నాలుగు విధాల చేటని మా నాయనమ్మ ఊరికే అనలేదు.

చివరిరోజుని ప్రెఫ్ డే అంటారు. ఇక రెండే ఇళ్ళు మిగులుతాయి. రెండూ చూసొచ్చి, ఏది మొదట కావాలో, ఏది రెండోదో పేర్లు రాసివ్వాలి. ఇళ్ళవాళ్ళూ వాళ్ళకి కావాల్సిన పిల్లల పేర్లు రాస్తారు. రెండూ కలిపి చూసి మర్నాడు బిడ్లు ఇస్తారు.

ఆ రోజు పొద్దున నేను దోసెల పిండి రుబ్బుతుంటే వదిన ఫోన్ చేసింది. ఎదురింట్లోనే ఉండి ఫోనెందుకా అనుకున్నాను. "వదినా, మా పిల్ల మీకొక మాట చెప్పమంది. అది మీ అమ్మాయితో మాట్లాడకూడదు కదా, సైలెన్సట, అందుకని నాకు చెప్పింది. ఇవాళ ఒక్క పేరే రాయమనండి. వాళ్ళ ఇంటి పేరు ఒక్కటే. రెండోది రాస్తే, ఈ పిల్లకి మామీద నమ్మకం లేదనుకుంటారట. ఒక్కటే రాస్తే తప్పకుండా తీసుకుంటారట."

నా మనసు ఎంత పొంగిపోయిందో చెప్పలేను. రూలు తప్పి మరీ మనకోసం కబురు పంపించింది చూడు, బంగారు తల్లి, అనుకున్నాను. అక్కడ ఎన్ని కట్టుబాట్లు పెట్టుకున్నా, ఎదురింటి తల్లులు ఫోన్లో మాట్లాడుకోకూడదని ఏ అమెరికావాడూ రూలు రాయలేదు. నేనే గెలిచినంత సంబరపడ్డాను.

మా ఆయన కాఫీ కప్పు పట్టుకుని వింటున్నాడు. "అదేం లెక్కే? బస్సు ఎక్కేటప్పుడు కూడా రెండు కిటికీల్లోంచి రుమాళ్ళు వేసేవాళ్ళం మేము. ఒకటి పోతే ఇంకోటైనా ఉంటుంది. రెండూ రాయమను," అన్నాడు.

"ఇది మీ ఆర్టీసీ బస్సు కాదు," అని కసిరాను. "ఆ ఇంట్లో ఉన్న పిల్ల చెబుతోంది. మీకెక్కువ తెలుసా?"

మా అమ్మాయికి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. అది మెల్లగా, "అమ్మా, ఇటుకల ఇంట్లో వాళ్ళు చాలా నైస్. అక్కడ ఒక అమ్మాయి క్లారినెట్ వాయిస్తుంది. మేము కింద నేలమీద కూర్చుని మాట్లాడుకున్నాం. అక్కడ నన్ను ఎవరూ బంప్ చెయ్యలేదు. అది రెండోది రాద్దామనుకున్నా," అంది.

"నీకు మధ్యలో ఉండాలని ఉందా, చివర్న ఉండాలని ఉందా?" అన్నాను. "రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏమవుతుంది? మనవాళ్ళు చెప్పారు. ఒక్కటే రాయి."

రాసింది. నా మాట అదెప్పుడు కాదంది గనుక.

మర్నాడు బిడ్ డే. తల్లులందరూ వస్తారని వదిన చెప్పింది కదా అని, తెల్లారగట్లే బయల్దేరాను. తెల్ల స్తంభాల ఇంటి రంగులేవో కనుక్కుని ఆ రంగు బెలూన్లు కట్టించాను. వెనక సీటంతా అవే. పక్క సీట్లో సున్నుండల డబ్బా, ఇంటినిండా పిల్లలుంటారు కదా, అందరికీ సరిపోయేటట్టు. మా ఆయనకి ఆఫీసు కాల్ ఉండి రాలేదు. దారిలో ఫోన్ చేస్తే మా అమ్మాయి ఎత్తలేదు. హడావుడిలో ఉండి ఉంటుంది, అనుకున్నాను. నా పిచ్చి గానీ.

హాస్టల్లో అది గదిలో లేదు. కింద బట్టలుతుక్కునే గదిలో, వాషింగ్ మెషీన్ల మధ్య నేలమీద కూర్చుని ఉంది. పక్కన ఇంకో అమ్మాయి, కొంచెం పెద్దది. రష్‌లో తిరిగే పిల్లలకి దారి చూపించడానికి పెట్టిన గైడ్. ఎవరికైతే ఒక్క బిడ్ కూడా రాలేదో వాళ్ళకి అందరికన్నా ముందు ఫోన్ చేసి చెప్పడం ఈ గైడ్ పనేనట. అలాంటి ఉద్యోగం శత్రువుకి కూడా వద్దు.

నన్ను చూసి మా అమ్మాయి ఏడవలేదు. "అమ్మా, నో బిడ్," అంది, పాలు విరిగిపోయాయని చెప్పినట్టు.

గైడ్ లేచి నిలబడి నాతో మర్యాదగా మాట్లాడింది. రెండు పేర్లూ రాసి ఉంటే ఏదో ఒకటి వచ్చి ఉండేదేమో, ఒక్కటే రాస్తే, ఆ ఇల్లు వద్దంటే ఇంక ఏమీ ఉండదు, అలా రాయొద్దని మీటింగుల్లో మేము చెబుతూనే ఉన్నాం, అంది. "మీ అమ్మాయి చాలా గట్టిగా ఉంది, ఇంట్లో చెప్పారని." తర్వాత తల వంచుకుని, "ఇక్కడ పిల్లలు దానికి ఒక పేరు పెట్టుకున్నారు. పెద్దవాళ్ళ ముందు అనం," అంది.

"ఏం పేరు?"

"సూసైడ్."

ఎండాకాలమంతా నా డైనింగ్ టేబుల్ మీద ఎన్ని మాటలు వచ్చాయి! రష్, బిడ్, బిగ్, బంప్, చెత్తా చెదారం అన్నీ వచ్చాయి. ఈ ఒక్క మాట రాలేదు. ఈ ఒక్కటి వచ్చి ఉంటే నేను అట్లకాడ పారేసి, ఛీ, అదేం మాట, అలా మాత్రం ఎప్పుడూ చెయ్యకు, అని ఉండేదాన్ని. వాళ్ళు ఆ పేరు పెట్టుకున్నదే అందుకు కదా.

మా అమ్మాయి ఫోన్ మోగింది. ఇటుకల ఇంట్లో క్లారినెట్ పిల్ల మెసేజ్. మేము నిన్ను ఎంతో కోరుకున్నాం, నువ్వు మమ్మల్ని రాయనే లేదా, అని. అప్పుడు ఏడ్చింది నా కూతురు. ఆ గదిలో డ్రయ్యర్ తిరుగుతూనే ఉంది, ఎవరివో బట్టలు.

దాన్ని కారెక్కించుకుని ఇంటికి తీసుకుపోదామంటే, దారి తెల్ల స్తంభాల ఇంటి ముందునుంచే. రోడ్డు మూసేసి పిల్లలు పరుగులు, కేకలు, కాగితాలు చల్లుకోవడాలు. కారు కదల్లేదు. వదిన పచ్చికలో కెమెరా పట్టుకుని నిలబడి ఉంది, మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చింది. విషయం విని, "అయ్యయ్యో! మా పిల్లకేం తెలుసు వదినా, చిన్నపిల్ల. దానికి తెలిసిందేదో చెప్పింది. టైము బాలేదు, ఏం చేస్తాం," అంది. జాతకాలు కుదరలేదు అనలేదు, నయం.

వెనకాలే ఎదురింటి పిల్ల వచ్చింది, తలమీద మెరుపుల కిరీటం పెట్టుకుని. కారు తలుపు తీసి మా అమ్మాయిని బయటికి లాగి కావలించుకుంది. "ఓ మై గాడ్, ఐ యామ్ సో సో సారీ! ఐ ట్రైడ్ సో హార్డ్!" అంది. దాని కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. ఎవరో ఫొటో తీశారు. పక్కకి తిరిగి ఆ ఫొటోకి నవ్వింది. వెనక సీట్లో బెలూన్లు చూసి, "ఆంటీ, ఇవి మా కలర్స్! మేము తీసుకోవచ్చా?" అంది.

ఇచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను, వాటిని ఇంటికి మోసుకుపోయి ఏ గోడకి కట్టుకోను.

నేను ఆ రోజు కూడా ఆ పిల్లని తప్పు పట్టలేదు. తెలియక చెప్పిందనే అనుకున్నాను. నిజంగా. పంతొమ్మిదేళ్ళ పిల్ల, అది మాత్రం ఎన్ని చూసిందని. తిట్టుకున్నదంతా నన్నూ, నా తలరాతనీ. మా ఆయన రుమాళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే పోట్లాడి ఏడ్చేదాన్ని. ఎత్తకపోవడంతో అది కడుపులోనే ఉండిపోయింది.

ఆ ఏడాది నా కూతురు ఎలా గడిపిందో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. డైనింగ్ హాల్లో అన్నం డబ్బాలో పెట్టించుకుని గదికి తెచ్చుకునేది. క్లాసుకి వెళ్ళాలంటే తెల్ల స్తంభాల ఇంటి ముందునుంచి దగ్గర దారి. ఇది చుట్టూ తిరిగి వెళ్ళేది. దారిలో ఎదురింటి పిల్ల ఎదురుపడితే చూడనట్టే వెళ్ళిపోయేదట. "సైలెన్స్ వారమే కదే?" అన్నాను. "రష్ అయిపోయింది కదమ్మా. ఇప్పుడు జస్ట్ చూడదు," అంది. క్లారినెట్ పెట్టె తెరిచిందో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు. వదినతో మాత్రం మామూలుగానే ఉన్నాను. కరివేపాకు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం.

మళ్ళీ జూన్ వచ్చింది. హైస్కూల్ అయిపోయిన పిల్లల కోసం మా కాలనీ క్లబ్‌హౌస్‌లో పాట్‌లక్ పెట్టారు, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. నేను పులిహోర తీసుకెళ్ళాను. మా అమ్మాయి రానంది, నేనే బలవంతంగా లాక్కెళ్ళాను, ఎన్నాళ్ళు దాక్కుంటావే అని. ఆ ఏడాది కాలేజీకి వెళ్ళబోయే ఆడపిల్లలు కొంతమంది తలా ఒక యూనివర్సిటీకి పోతున్నారు, ఎవరూ ఎదురింటి పిల్ల చదివే చోటుకి కాదు. తల్లులు వాళ్ళని ముందుకి తోస్తున్నారు, "వెళ్ళవే, అక్కనడుగు, అక్కకన్నీ తెలుసు," అని. ఎదురింటి పిల్ల గ్రీకు అక్షరాల టీషర్టు వేసుకుని మడత కుర్చీలో కూర్చుంది. పిల్లలు చుట్టూ కార్పెట్ మీద. పాఠం మొదలైంది. రష్, యాక్టివ్, రిలీజ్. నేను వడ్డన బల్ల దగ్గరే ఉన్నాను, వదిన నా పక్కనే ప్లేటు పట్టుకుని ఉంది. అన్నీ వినిపిస్తున్నాయి.

ఒక పిల్ల అడిగింది, "అక్కా, ప్రెఫ్ డే రోజు ఎన్ని రాయాలి?"

"ఆల్వేస్ రెండూ రాయాలి," అంది ఎదురింటి పిల్ల. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఒక్కటే రాస్తే దాన్ని సూసైడ్ అంటారు. మా హౌస్‌లో ఫస్ట్ ఇయర్‌లోనే మాకు చెప్పేస్తారు, ఎవరినీ అలా చెయ్యనివ్వద్దని. ఆ హౌస్ నో అంటే, యు ఆర్ డన్, ఎక్కడా ఉండదు." తర్వాత గడ్డంతో మా అమ్మాయి వైపు చూపించి, గొంతు తగ్గించింది. తగ్గించినా అందరికీ వినిపించేటంతే తగ్గించింది. "పాపం, తను అలాగే చేసింది. నేను చాలా సార్లు చెప్పాను, రెండూ రాయమని. షి డిడ్ంట్ లిసెన్."

తల్లులు ప్చ్ ప్చ్ అన్నారు. "ఈ కాలం పిల్లలు వింటారా," అందొకావిడ.

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఫస్ట్ ఇయర్‌లోనే చెప్పేస్తారట. అంటే నా పెసరట్లు తింటున్నప్పుడే దానికి ఈ మాట తెలుసు. అల్లప్పచ్చడి నాకుతున్నప్పుడే తెలుసు. తను అక్కడ చెప్పుకున్న మహారాజుగారి ఏనుగుల కథ మా అమ్మాయి నోట నవ్వులపాలైంది కాబట్టి, ఆ ఇంట్లో తనలాంటి పిల్ల తనొక్కతే ఉండాలి కాబట్టి, నా కూతుర్ని ఏ బావిలోకి తొయ్యాలో కొలత వేసుకునే తోసింది. తోయడానికి వాళ్ళమ్మ గొంతూ నా గొంతూ వాడుకుంది.

వదిన వైపు చూశాను. ఆ రోజు పొద్దున ఫోన్లో, ఒక్క పేరే రాయమనండి, అన్నది ఈవిడ నోరే. కూతురు ఇప్పుడు ఆడిన అబద్ధం ఈ గదిలో ఈవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆవిడ ముఖం పాలిపోయింది. నా కళ్ళలోకి చూసింది, చూపు దించుకుంది. "పులిహోర బావుంది వదినా, ఇంగువ బాగా పడింది," అంది.

మా అమ్మాయి చేతిలో ప్లేటు బల్లమీద పెట్టింది. మెల్లగా నడుచుకుంటూ మడత కుర్చీ వెనక్కి వెళ్ళింది. ఎదురింటి పిల్ల బిగ్ గురించి ఏదో చెబుతోంది, వెనక ఎవరున్నారో చూసుకోలేదు. నా కూతురు రెండు వేళ్ళతో దాని భుజం మీద తట్టింది.

ఎదురింటి పిల్ల లేచి నిలబడింది. మాట సగంలో ఆపి, నవ్వు చెదరకుండా, కుర్చీ వదిలేసి పక్కకి జరిగింది. జరిగాక గానీ తట్టింది ఎవరో చూడలేదు.

మా అమ్మాయి ఆ కుర్చీలో కూర్చుంది. ఏడాది తర్వాత మొదటిసారి దాని గొంతు అంత గట్టిగా విన్నాను.

"అక్క చెప్పినవన్నీ కరెక్ట్," అంది పిల్లలతో. "లాస్ట్ సమ్మర్ మా ఇంట్లో పెసరట్టు తిన్నప్పుడు కూడా అక్కకి ఇవన్నీ తెలుసు. నాకు మాత్రం ఈ ఒక్క వర్డ్ చెప్పలేదు. ప్రెఫ్ డే పొద్దున వాళ్ళమ్మతో మా అమ్మకి ఫోన్ చేయించి, ఒక్క పేరే రాయమని చెప్పించింది. కావాలంటే ఆంటీని అడగండి, ఆంటీ అక్కడే ఉన్నారు."

క్లబ్‌హౌస్‌లో అందరి తలలూ వడ్డన బల్ల వైపు తిరిగాయి. వదిన ప్లేటులో పులిహోర కెలుక్కుంటూ నిలబడింది. కాదనలేదు.

"సో, రెండు పేర్లు రాయండి," అంది నా కూతురు. "మనవాళ్ళు చెప్పినా సరే, రెండూ రాయండి."

బంప్ అయిన పిల్ల వెంటనే వెళ్ళి ఇంకో పిల్ల దగ్గర కూర్చోవాలి, అది పద్ధతి. ఇక్కడ ఇంకో కుర్చీ లేదు. ఎదురింటి పిల్ల అందరి మధ్యలో అలాగే నిలబడి ఉంది, ముఖాన ఆ నేర్చుకున్న నవ్వుతో, దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియనట్టు. పాపం అనిపించాలి కాబోలు. నాకు అనిపించలేదు. నా కడుపు చల్లబడింది, ఏడాదిలో మొదటిసారి.

గరిటె నిండా పులిహోర తీసి వదిన ప్లేటులో వేశాను.

"తినండి వదినా," అన్నాను. "ఇంగువ బాగా పడిందన్నారుగా."